సంతకం చెప్పని సంగతులు: క్రిప్టో వాలెట్ల పంపిణీపై ఒక విమర్శ

సౌదీ అరేబియాలో అమ్మే మందు డబ్బా మీద నల్లచుక్కలతో నిండిన చిన్న చతురస్రం ఒకటి ఉంటుంది. యంత్రం చదవగల ఆ గుర్తులో నాలుగు సంగతులు ఉంటాయి: మందు గుర్తింపు సంఖ్య, ఆ ఒక్క డబ్బాకే చెందిన వరుస సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ. ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నడిపే ‘రసద్’ వ్యవస్థ, తయారీదారు నుంచి ఫార్మసీ దాకా ఆ డబ్బా ఎవరి చేతులు మారిందో నమోదు చేస్తుంది. ఇటువంటి ఏర్పాట్ల వెనుక వైద్యలోకం చేదుగా నేర్చుకున్న పాఠం ఉంది. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ క్యాప్స్యూళ్ళు వేసుకున్న ఏడుగురు సైనైడ్ విషంతో మరణించారు. దర్యాప్తులో తేలినదాని ప్రకారం ఫ్యాక్టరీలో లోపమేమీ లేదు. మందు దుకాణాల అరల మీదికి చేరిన తరువాత ఎవరో విషం కలిపారు. తెరిస్తే తెలిసిపోయే సీళ్ళు ఆ తరువాతే తప్పనిసరి అయ్యాయి. మందు ఎంత నిర్దుష్టంగా తయారైనా, రోగి చేతికి వచ్చే దారి భద్రంగా లేకపోతే ఆ నిర్దుష్టతకు విలువ లేదు.

డబ్బును దాచే సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ పాఠాన్ని ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. 2008లో సతోషీ నకమోటో పేరుతో వెలువడిన తొమ్మిది పుటల బిట్‌కాయిన్ పత్రం, నమ్మదగిన మధ్యవర్తి అవసరం లేకుండా ఇద్దరి మధ్య చెల్లింపు ఎలా సాధ్యమో వివరించింది. అది చిట్టాపద్దుల గురించి రాసిన పత్రం. ఆ పద్దులను చదివి, రాసే ప్రోగ్రాము వాడుకరి కంప్యూటర్లోకి ఎలా వస్తుందో అది చెప్పలేదు. చెప్పవలసిన పని దానికి లేదు కూడా. చిక్కంతా ఆ తరువాత వచ్చింది. ‘ఎవరినీ నమ్మనక్కరలేదు’ అన్నది నినాదమయ్యాక, వాలెట్‌ను తయారుచేసినవారిని, దానిని ప్యాకేజీగా కట్టినవారిని, డౌన్‌లోడ్ స్థలాన్ని నడిపేవారిని, అప్‌డేట్ పంపేవారిని వాడుకరి నమ్ముతూనే ఉన్నాడన్న సంగతి మరుగున పడింది. మధ్యవర్తి తొలగిపోలేదు, బ్యాంకు కౌంటరు వెనుకనుంచి లేచి ఇన్‌స్టాలర్ ఫైలులోకి వచ్చి కూర్చున్నాడు.

అప్‌డేట్ అంటే ఏమిటి?

వాలెట్ అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. అందులో డబ్బు ఉండదు. ఆ డబ్బును కదిలించే హక్కునిచ్చే రహస్య సంఖ్య ఉంటుంది. దానిని తాళంచెవి అనవచ్చు. పన్నెండో ఇరవై నాలుగో మాటల వరుసగా వాడుకరి కాగితం మీద రాసుకునేది ఆ తాళంచెవికి మూలమే. అది పరుల చేతికి వెళితే డబ్బు వెళ్ళినట్టే. ఒకసారి జరిగిన చెల్లింపును రద్దుచేసే అధికారి ఆ వ్యవస్థలో లేడు.

అందువల్ల వాలెట్లపై వచ్చే సలహాలన్నీ ఆ మాటల చుట్టూనే తిరుగుతాయి: ఎవరికీ చెప్పవద్దు, ఫొటో తీయవద్దు, కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. ఈ సలహాలు సరైనవే, కాని సగమే. తాళంచెవి తెలిసిన ప్రాణి ఇంకొకటి ఉంది: ఆ ప్రోగ్రామే. అప్‌డేట్ అంటే, యజమాని హక్కులన్నీ ఉన్న ఆ ప్రోగ్రాము స్థానంలో వేరొక ప్రోగ్రామును కూర్చోబెట్టడం. ఇనప్పెట్టె తాళంచెవిని ఎంత గోప్యంగా ఉంచినా, నెలకొకసారి పెట్టెనే మార్చి వెళ్ళే మనిషిని గుమ్మంలో ఎవరూ ప్రశ్నించకపోతే ఆ గోప్యత వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ మనిషిని అడగవలసిన ప్రశ్నలు నాలుగు. సీలు వేసింది ఎవరు? లోపల ఉన్నది వారు చెప్పినదేనా? ఇది తాజా సరుకేనా? అందరికీ ఇస్తున్నది ఇదేనా, లేక ఈ ఒక్కరి కోసం వేరుగా కట్టినదా? డిజిటల్ సంతకం మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతుంది. తక్కిన మూడింటికీ అదే సమాధానమన్నట్టు వ్యవహరించడం ఈ రంగంలోని ప్రధాన దోషం.

సౌదీ గడ్డ మీద రెండు ఉదాహరణలు

ఈ తేడా ఎంత ఖరీదైనదో వాలెట్లతో సంబంధం లేని రెండు సంఘటనల ద్వారా సౌదీ అరేబియా ముందే చూసింది. 2012 ఆగస్టు 15న సౌదీ అరామ్‌కో సంస్థలో ‘షమూన్’ అనే విధ్వంసక ప్రోగ్రాము సుమారు 30,000 కంప్యూటర్లలోని సమాచారాన్ని తుడిచిపెట్టింది. డిస్కు మీద నేరుగా రాయడానికి విండోస్ సామాన్యంగా ఒప్పుకోదు. ఆ అడ్డును దాటడానికి షమూన్ దొంగ సంతకాన్ని సృష్టించలేదు. ఎల్డోస్ అనే సంస్థ న్యాయంగా తయారుచేసి, న్యాయంగా సంతకం చేసి అమ్మే ఒక డ్రైవర్‌ను తనతో తెచ్చుకుంది. సంతకం అసలైనదే. తయారుచేసినవారు నిజమైనవారే. దానిని వాడుతున్న చేయి మాత్రం వేరు.

2016 నవంబరులో షమూన్ మళ్ళీ వచ్చింది. ఈసారి సౌదీ ప్రభుత్వ సంస్థలు కూడా దెబ్బతిన్నాయి. ఆ డ్రైవర్ పనిచేయడానికి కావలసిన లైసెన్సు 2012 ఆగస్టులో మాత్రమే చెల్లేది. నాలుగేళ్ళ కిందటే గడువు తీరిపోయింది. దాడి చేసినవారు కొత్త లైసెన్సు కోసం ప్రయాసపడలేదు. కంప్యూటర్ గడియారాన్ని 2012 ఆగస్టుకు వెనక్కి తిప్పారు. గడువు తేదీ ఉన్నంతమాత్రాన చాలదు. ఆ తేదీని ఏ గడియారంతో పోల్చి చూస్తున్నామో ఆ గడియారం కూడా నమ్మదగినదై ఉండాలి.

రెండవది 2017 నాటిది. సౌదీలోని ఒక పెట్రో రసాయన కర్మాగారంలో, ప్రమాదం ఎదురైతే యంత్రాలను ఆపివేసే భద్రతా నియంత్రికలలోకి ‘ట్రైటన్’ అనే ప్రోగ్రాము చొరబడింది. దానిని మోసుకువచ్చిన ఫైలు పేరు ట్రైలాగ్. అది ఆ నియంత్రికల తయారీదారు తన ఖాతాదారులకు ఇచ్చే నిజమైన ఉపకరణం పేరు. పేరు చూసి ఎవరూ అనుమానించలేదు. పైగా ఆ నియంత్రికల మీద భౌతికమైన తాళం ఒకటి ఉంటుంది. దానిని ‘నడుపు’ స్థానంలో ఉంచితే కొత్త ప్రోగ్రాము లోపలికి రాకూడదు. ఆ తాళం ‘ప్రోగ్రామింగ్’ స్థానంలోనే ఉండిపోయింది. ఆగస్టులో నియంత్రికలు పొరపాటును గుర్తించి కర్మాగారాన్ని ఆపివేయడంతో విషయం బయటపడింది.

పేరు, సంతకం, గడువు: ప్యాకేజీ మీద మనం చదివే మూడు ఆనవాళ్ళూ ఈ రెండు సంఘటనలలో నిజమైనవిగానే కనిపించాయి. వాలెట్ల చరిత్రలోనూ జరిగింది ఇదే.

వాలెట్లు తెగిన చోట్లు

డెస్క్‌టాప్ వాలెట్లలో ఎలెక్ట్రమ్ పాతది. 2011లో టొమాస్ వోట్లాఁ మొదలుపెట్టాడు. ఎవరైనా నడపగల సర్వర్లతో అది మాట్లాడుతుంది. 2018 డిసెంబరులో దుండగులు తమ సర్వర్లను పెద్దసంఖ్యలో ఆ వలయంలోకి చేర్చారు. వాడుకరి డబ్బు పంపబోయినప్పుడు ఆ సర్వర్లు చెల్లింపును తిరస్కరించి, బదులుగా ఒక సందేశం పంపేవి: వాలెట్ పాతదైపోయింది, ఈ లంకె నుంచి కొత్తది తెచ్చుకోండి. ఎలెక్ట్రమ్ ఆ సందేశాన్ని తన సొంత కిటికీలో, తన సొంత మాటలాగా చూపించింది. అక్కడినుంచి తెచ్చుకున్న ‘అప్‌డేట్’ తాళంచెవులను దోచుకుంది. మొదటి వారంలోనే 200కు పైగా బిట్‌కాయిన్లు పోయినట్టు వార్తలు వచ్చాయి. ఎలెక్ట్రమ్ అసలు ప్యాకేజీ మీది సంతకం చెక్కుచెదరలేదు. దానిని సరిచూసే సందర్భమే రాకుండా పోయింది. అప్‌డేట్ గురించిన వార్త కూడా ప్యాకేజీలో భాగమేనని, దానికీ సంతకం ఉండాలని ఈ సంఘటన తేల్చిచెప్పింది. తరువాతి ప్రతులలో పరాయి సర్వర్ల మాటలను చూపించడం ఆపేశారు. కొత్త ప్రతి వచ్చిందన్న ప్రకటనకు సంతకం చేయడం మొదలుపెట్టారు.

అదే సంవత్సరం ఆగస్టులో కాస్పర్‌స్కీ పరిశోధకులు సెలాస్ ట్రేడ్ ప్రో అనే క్రిప్టో వ్యాపార ప్రోగ్రాము కథను బయటపెట్టారు. దానికి చెల్లుబాటయ్యే సంతకం ఉంది. ప్రోగ్రాము చెప్పిన పని చేసేది కూడా. విషం ఉన్నది దాని అప్‌డేటర్‌లో. అది కంప్యూటర్ వివరాలను యజమానులకు చేరవేసేది. వారికి ఆసక్తి కలిగిన చోటికి మాత్రమే అప్‌డేట్ రూపంలో దొంగ ప్రోగ్రాము వచ్చేది. సంతకం వెనుక ఉన్న సంస్థ నిజంగా ఉందో లేదో పరిశోధకులు నిర్ధారించలేకపోయారు. సంతకానికి ధ్రువపత్రం ఇచ్చినవారు పేరును చూశారేగాని నడవడిని చూడలేదు. అది వారి పనీ కాదు.

మూడవ ఉదాహరణ కోపే వాలెట్ది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే చిన్న ఉచిత కోడ్ భాగాన్ని దాని మూలకర్త, చూసుకునే తీరిక లేక, సహాయం చేస్తానని వచ్చిన ఒక అపరిచితుడికి అప్పగించాడు. ఆ వ్యక్తి అందులో వేరొక భాగాన్ని కలిపాడు. లక్షలాది ప్రోగ్రాములలోకి వెళ్ళినా అది ఎక్కడా ఏమీ చేయలేదు. కోపే వాలెట్ తయారయ్యే చోట మాత్రమే విచ్చుకునేలా దానిని రాశారు. ఫలితంగా 5.0.2 నుంచి 5.1.0 వరకు ఉన్న కోపే ప్రతులలోకి ఆ దొంగ కోడ్ చేరింది. ఇక్కడ సంతకం అసలైనదే, చేసినవారూ నిజాయితీపరులే. తాము ఏ డబ్బాకు సీలు వేస్తున్నారో వారికే తెలియలేదు.

నాల్గవది 2019 నవంబరు 18న జరిగింది. మొనేరో అధికారిక స్థలం నుంచే కొద్దిసేపు దొంగ ప్యాకేజీ పంపిణీ అయింది. తాను తెచ్చుకున్న ఫైలు హ్యాష్, అంటే దాని విషయాన్నంతా కుదించి తీసిన గుర్తు సంఖ్య, ప్రకటించిన సంఖ్యతో సరిపోలడం లేదని ఒక వాడుకరి గమనించి చెప్పడంతో విషయం తెలిసింది. సరిచూసిన ఆ ఒక్కరిని పొగడవలసిందే. అయితే ఒక వాడుకరి శ్రద్ధ మీద అందరి డబ్బూ ఆధారపడిన ఏర్పాటును మాత్రం పొగడలేము.

ప్రతుల పోలిక

‘లోపల ఉన్నది చెప్పినదేనా’ అన్న రెండవ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు కెన్ థామ్సన్. 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో, మూలపాఠం ఎంత శుభ్రంగా ఉన్నా దానిని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దొంగదైతే ఫలితంలో దొంగతనం ఉంటుందని, మూలపాఠాన్ని ఎంత చదివినా అది కనిపించదని నిరూపించాడు. వాలెట్ మూలపాఠం బహిరంగంగా ఉందని చెప్పి ఊరుకునేవారికి ఇది ఇప్పటికీ సమాధానం. వాడుకరి నడిపేది మూలపాఠాన్ని కాదు, దానినుంచి ఎవరో తయారుచేసిన ప్యాకేజీని. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారంలో, దాచిన దొంగ కోడ్‌ను మేల్కొలిపే ఆజ్ఞలు విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉన్నాయి. బహిరంగ భండారంలోని మూలపాఠంలో లేవు. లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పట్టడం చూసి అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దానిని పట్టుకున్నాడు. చిన్న లక్షణాన్ని నిర్లక్ష్యం చేయని రోగనిర్ధారణ అది.

దీనికి బిట్‌కాయిన్ కోర్ బృందం అనుసరించిన విధానం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. సి. పి. బ్రౌన్ వేమన పద్యాలకోసం ఒక్క తాళపత్ర ప్రతిని నమ్ముకోలేదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు లేఖకులు రాసిన ప్రతులను తెప్పించి పండితులచేత పోల్చి చూపించాడు. ఒక ప్రతిలో ఉండి ఇతర ప్రతులలో లేని పద్యం దగ్గర పరిష్కర్త ఆగుతాడు. బిట్‌కాయిన్ కోర్ విడుదలైన ప్రతిసారీ, వేర్వేరు వ్యక్తులు తమతమ కంప్యూటర్లలో ఒకే మూలపాఠం నుంచి ప్యాకేజీని విడివిడిగా తయారుచేసి, వచ్చిన హ్యాష్‌లను తమ సంతకాలతో ప్రకటిస్తారు. అన్నీ ఒక్కటైతేనే విడుదల నమ్మదగినది. మొదట గిటియన్ అనే పద్ధతిలోను, 2021లో వెలువడిన 22.0 ప్రతినుంచి గీక్స్ పద్ధతిలోను ఇది సాగుతున్నది. గీక్స్ పద్ధతిలో కంపైలర్‌ను కూడా వీలైనంత చిన్న బీజం నుంచి కట్టుకుంటూ వస్తారు. థామ్సన్ లేవనెత్తిన సందేహానికి ఇచ్చిన గౌరవం అది.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. మూలపాఠంలోనే విషం ఉంటే, పదిమంది కట్టినా పది ప్యాకేజీలలోను అదే విషం ఉంటుంది. కోపే సంఘటనలో ప్రతుల పోలిక ఏమీ పట్టుకోగలిగేది కాదు. అక్కడ కావలసింది అరువు తెచ్చుకున్న కోడ్‌ను తగ్గించుకోవడం, తెచ్చుకున్నదానిని చదవడం.

తాజాదనం, సమానత్వం

మూడవ ప్రశ్న తాజాదనం గురించి. నిన్నటి సంతకం నేడూ చెల్లుతుంది. లోపం ఉందని తెలిసిన పాత ప్రతిని దాని అసలు సంతకంతోనే వాడుకరికి పంపవచ్చు. లేదా కొత్తది వచ్చిందన్న సంగతి అతనికి ఎన్నటికీ తెలియనీయకపోవచ్చు. 2010లో జస్టిన్ కాపోస్, అతని సహ పరిశోధకులు ప్రతిపాదించిన ‘అప్‌డేట్ ఫ్రేమ్‌వర్క్’ ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుంది. అందులో ఒక్క తాళంచెవికి సర్వాధికారం ఉండదు. అన్నిటికీ మూలమైన తాళంచెవులను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుతారు. కీలకమైన మార్పుకు నిర్ణీత సంఖ్యలో వ్యక్తులు సంతకం చేయాలి. ఏవి తాజా ప్రతులో చెప్పే పత్రానికి కొద్దికాలమే గడువు ఉంటుంది. వాడుకరి ప్రోగ్రాము తాను చివరిసారి చూసిన ప్రతి సంఖ్యకంటే తక్కువ సంఖ్యను అంగీకరించదు. గడియారాన్ని వెనక్కి తిప్పే షమూన్ ఎత్తును ఈ ఏర్పాటుతో పోల్చితే తేడా తెలుస్తుంది: గడువు గడియారం మీద ఆధారపడుతుంది, పెరుగుతూ పోయే సంఖ్య ఆధారపడదు. రెండూ ఉండాలి.

నాల్గవ ప్రశ్న అందరికన్నా తక్కువమంది అడిగేది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ సంస్థ సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోగొట్టుకుంది. అది వాడుతున్న సేఫ్ అనే వెబ్ వాలెట్ కోడ్‌ను దుండగులు మార్చారు. మారిన కోడ్ తక్కినవారందరికీ మామూలుగా పనిచేసి, బైబిట్ చెల్లింపుల దగ్గర మాత్రమే మరోలా ప్రవర్తించింది. వెబ్ వాలెట్ తెరిచిన ప్రతిసారీ కొత్త ప్యాకేజీ వచ్చినట్టే లెక్క. నిన్న చూసినది నేడు ఉంటుందన్న హామీ లేదు. డెస్క్‌టాప్ ప్యాకేజీకి ఉన్న పెద్ద గుణం ఇదే: అది నిలిచి ఉంటుంది, పోల్చి చూడవచ్చు. విడుదల చేసిన ప్రతి ప్యాకేజీ హ్యాష్‌ను ఎవరూ చెరపలేని బహిరంగ జాబితాలో చేర్చి, ఆ జాబితాలో లేనిదానిని వాలెట్ తీసుకోకపోతే, ఒక్కరికోసం వేరుగా కట్టిన డబ్బా రహస్యంగా చేరడం కష్టమవుతుంది. మందు డబ్బా మీది వరుస సంఖ్య చేసే పనికి ఇది దగ్గరిది.

సలహాలపై అభ్యంతరం

ఈ నాలుగు ప్రశ్నల వెలుగులో రెండు ప్రసిద్ధ సలహాలను పరీక్షించవచ్చు. ‘వెంటనే అప్‌డేట్ చేయండి’ అన్నది మొదటిది. బ్రౌజరుకు ఇది మంచి సలహా. వాలెట్‌కు అంత నిస్సంకోచంగా చెప్పలేము. ఎలెక్ట్రమ్ బాధితులు పాటించింది సరిగ్గా ఈ సలహానే. అలాగని అప్‌డేట్ చేయకుండా కూర్చున్నవారూ సురక్షితులు కారు. పాత ప్రతినే వాడుతున్నవారు 2020లోనూ అదే ఉచ్చులో పడిన వార్తలు వచ్చాయి. బిట్‌కాయిన్ కోర్ తనంతట తాను అప్‌డేట్ కాదు. వాడుకరి స్వయంగా తెచ్చుకోవాలి. ఒకే మీట నొక్కి అందరి ప్రోగ్రాములనూ మార్చే అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదన్న దృష్టి దాని వెనుక ఉంది. దృష్టి గొప్పది. దాని భారం మాత్రం పూర్తిగా వాడుకరి మీద పడుతుంది.

‘సంతకం సరిచూసుకోండి’ అన్న రెండవ సలహా ఆ భారానికి పేరు. సరిచూసే విధానం సాధారణంగా ఆంగ్లంలో, నల్లని కిటికీలో టైపు చేయవలసిన ఆజ్ఞల రూపంలో ఉంటుంది. ఆ ఆజ్ఞ ‘సంతకం సరైనదే’ అని చెప్పాక, ఆ సంతకపు తాళంచెవి నిజంగా రచయితదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మాత్రను ప్రయోగశాలలో పరీక్షించుకుని వేసుకొమ్మని రోగికి చెప్పి పంపే ఫార్మసీని ఎవరూ మెచ్చుకోరు. సరిచూడడం ప్రోగ్రాము చేయవలసిన పని. సరిపోకపోతే ఆగిపోవడం దాని ధర్మం. ఏది సరిపోలేదో వాడుకరి భాషలో చెప్పడం దాని మర్యాద.

సౌదీలో పనిచేసే తెలుగువారి దృష్టితో చూస్తే ఈ అభ్యంతరం బరువు తెలుస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారు ఇంటికి పంపే డబ్బు బ్యాంకు ద్వారానో అనుమతి పొందిన సంస్థ ద్వారానో వెళితే, చేతిలో రసీదు ఉంటుంది. పొరపాటు జరిగితే అడగడానికి ఒక కౌంటరు ఉంటుంది. క్రిప్టో విషయంలో 2018 ఆగస్టులో సౌదీ ప్రభుత్వ స్థాయీ సంఘం, ఈ వ్యాపారానికి దేశంలో ఎవరికీ అనుమతి లేదని, నష్టాలు పెట్టినవారివేనని హెచ్చరించింది. అదే కాలంలో ఆ దేశపు కేంద్ర బ్యాంకు, ఎమిరేట్స్ కేంద్ర బ్యాంకుతో కలిసి ‘అబేర్’ ప్రయోగంలో పంచుకున్న చిట్టాపద్దుల సాంకేతికతను పరీక్షించింది. అందులో పాల్గొన్నవారు ఒకరికొకరు తెలిసిన బ్యాంకులు. ప్రోగ్రాము తప్పు చేస్తే ఎవరిని పిలవాలో వారికి తెలుసు. సొంత ల్యాప్‌టాప్‌లో వాలెట్ పెట్టుకున్న మనిషికి ఆ సౌకర్యం లేదు. పదేళ్ళ ఎడారి సంపాదన ఒక దొంగ అప్‌డేట్‌తో పోతే, ఫిర్యాదు రాయడానికి చిరునామా కూడా దొరకదు. ఆదుకునే వ్యవస్థ లేనిచోట నివారణే మొత్తం వైద్యం.

కాబట్టి ఒక వాలెట్ మంచిదా కాదా అని తేల్చడానికి దాని అందమైన తెరలు, అది చూపించే నాణేల సంఖ్య కొలమానాలు కావు. ఎంతమంది తప్పు చేస్తే, లేదా ఎంతమంది కంప్యూటర్లు దొంగల చేతిలో పడితే, ఒక విషపు అప్‌డేట్ వాడుకరిని చేరగలదు? ఒక్కరు చాలునంటే ఆ వాలెట్‌లో పెద్ద మొత్తం ఉంచకూడదు. వేర్వేరు దేశాలలోని పలువురు విడివిడిగా కట్టి పోల్చి చూశాకే విడుదల చేస్తున్నారా? అప్‌డేట్ వార్తకు సంతకం ఉందా? పాతదానిని కొత్తదిగా ఇస్తే ప్రోగ్రాము నిరాకరిస్తుందా? ఈ ప్రశ్నలకు తయారీదారు తన స్థలంలో సూటిగా సమాధానం రాసి ఉండాలి. రాయనివారి మౌనాన్ని గడువు తేదీ లేని మందు డబ్బాలాగే చూడాలి. లోపలి మాత్ర మంచిదే కావచ్చు. ఆ సంగతి డబ్బా చెప్పనంతవరకు, కొనేవాడు దానిని అరలోనే ఉంచి రావడం మేలు.